ఎండాకాలం దావత్‌కు ఏ వైన్ కొనాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. మే నెలల మా అక్క, బావ పుణె నుంచి వస్తున్నరు. వాళ్ళిద్దరికీ అన్నం తినేటప్పుడు కొంచెం వైన్ తాగే అలవాటుంది. మా ఇంట్ల బీరు, విస్కీ తప్ప వైన్ ఇప్పటిదాక ఎవ్వరూ కొనలేదు. ఒక రెడ్డు, ఒక వైటు తెద్దామని షాపుకు పోతే ఆయన తియ్యటి పోర్ట్ వైన్ చేతిల పెట్టి "ఇదే మస్తు పోతది" అన్నడు. రెండు సీసాలకు కలిపి రెండున్నర వేలదాక పెట్టగలను. ఏం కొనమంటరు? బావేమో "నాసిక్ వైన్ ఇక్కడ అగ్గువ, నేనే తెస్త" అంటున్నడు. ఇంట్ల వంట నాటుకోడి పులుసు, మటన్ కూర, బగారన్నం. సాయంత్రం సర్వపిండి. ఇంకో మాట: రెడ్ వైన్ గుండెకు మంచిదంటరు కద, బీపీ ఉన్న మా అమ్మకు కొంచెం ఇయ్యొచ్చునా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ముందు పేర్లు చెప్పేస్తాను. వైట్‌లో సులా వాళ్ళ షెనిన్ బ్లాంక్ తీసుకోండి. రెడ్‌లో ఫ్రాటెల్లి సాంజొవేసే దొరికితే అది, దొరక్కపోతే గ్రోవర్ జంపా వాళ్ళ ఆర్ట్ కలెక్షన్‌లోని కాబెర్నే షిరాజ్. సులా, ఫ్రాటెల్లి, గ్రోవర్ జంపా అన్నవి కంపెనీలు. షెనిన్ బ్లాంక్, సాంజొవేసే, కాబెర్నే, షిరాజ్ అన్నవి ద్రాక్ష రకాలు. మూడూ మన దేశంలో పండిన ద్రాక్షతో చేసినవే. సీసా మీద ఎమ్మార్పీ అచ్చయి ఉంటుంది, దాన్ని చూసి మీ లెక్కలో కుదిరేది ఎంచుకోండి, అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వకండి.

కానీ ఈ పేర్లు రాసుకుని నేరుగా షాపుకు వెళ్ళకండి. మీరు కొనబోయేది మే నెలలో, వరంగల్‌లో. పగలు 42, 43 డిగ్రీలు కొట్టే ఊళ్ళో వైన్ కొనేటప్పుడు, ఏ పేరు అన్నదానికన్నా ఆ సీసా ఇన్నాళ్ళూ ఎక్కడ నిలబడి ఉంది అన్నది పెద్ద ప్రశ్న. రెండు వేలు పెట్టి కొన్న మంచి రెడ్ ఒక వేసవంతా షాపు అరలో ఉడికితే, చల్లటి చోట దాచిన ఆరేడు వందల సీసా ముందు కూడా నిలవదు. పెట్టిన డబ్బుకు తగిన సరుకు రావాలంటే మన దగ్గర మొదట చూడాల్సింది ఇదే.

విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. అది ఎండనూ వాననూ తట్టుకుంటుంది. వైన్‌లో ఉండేది సుమారు 12 నుంచి 14 శాతమే, మిగిలిందంతా పులిసిన పండ్లరసం. దాన్ని దాచడానికి 12 నుంచి 15 డిగ్రీలు అనువైన చల్లదనం. వేడి పెరిగిన కొద్దీ లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, రాత్రి చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. గాలి తగిలిన వైన్‌లో మొదట పోయేది పండు వాసన. మన షాపుల్లో బీరు వచ్చింది వచ్చినట్టే పోతుంది, విస్కీ అంతే. వైన్ అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ సీసాలు పై అరలో, ట్యూబులైటు పక్కన, నెలలకు నెలలు నిలబడతాయి. షాపాయన చెడ్డవాడని కాదు, ఆయన వ్యాపారం అంతా వేరే సరుకు మీద నడుస్తుంది.

అందుకని హనుమకొండలోనో కాజీపేటలోనో ఏసీ ఉన్న, వైన్‌కు వేరే అరో ఫ్రిజ్జో ఉన్న పెద్ద షాపు వెతకండి. పది రకాలు దుమ్ముపట్టి ఉన్న చోటికన్నా రెండే రకాలున్నా వారం వారం అమ్ముడుపోయే చోటు మేలు. షెనిన్ బ్లాంక్ అడగమంటున్నదీ అందుకే. మన దగ్గర అన్నిటికన్నా తేలిగ్గా దొరికే, ఎక్కువ కదిలే వైట్‌లలో అదొకటి. కదిలే సరుకు తాజాగా ఉంటుంది.

సీసా చేతికొచ్చాక మొదట సంవత్సరం చూడండి. లేబుల్ మీద అచ్చేసే సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. నాసిక్ వైపు జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు, యూరప్‌లో లాగా సెప్టెంబరు, అక్టోబరుల్లో కాదు. వైట్ అయితే నిరుటిది, మహా అయితే అంతకు ముందుటిది. మూడు నాలుగేళ్ళ కిందటి మామూలు వైట్‌ను ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దనండి. ఈ ధరలో దొరికే రెడ్ కూడా మూడేళ్ళలోపు తాగాల్సిందే. పాతబడిన కొద్దీ రుచి పెరుగుతుందనే మాట కొన్ని ఖరీదైన సీసాలకు, అదీ చల్లటి గదిలో పడుకోబెట్టి దాచినవాటికి వర్తిస్తుంది. మీకు దొరికే వాటికి వర్తించదు. సంవత్సరం వేయకపోతే సీసాలో నింపిన తేదీ వెతకండి.

తర్వాత మూత. మరమూత, అంటే తిప్పి తీసే మూత, ఉన్న సీసాకే నా ఓటు. మరమూత అంటే నాసిరకం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది నిజం కాదు. మన ఎండకు బిరడాకన్నా మరమూతే గట్టిది. పైగా మీ ఇంట్లో బిరడా తీసే మర ఉండదు, పండుగపూట కత్తితో పొడిచి ముక్కలు సీసాలో రాల్చుకునే బాధ తప్పుతుంది. బిరడా సీసాయే దొరికితే, పైన రేకు కింద బిరడా ఉబ్బి ఉందా, మెడ దగ్గర జిగటగా కారిన మరక ఉందా అని వేలితో తడిమి చూడండి. ఉంటే అది వేడికి దెబ్బతిన్నదే. వైట్‌ను వెలుతురుకు పెట్టి చూడండి. లేత గడ్డిరంగులో ఉంటే మంచిది, ముదురు పసుపు దాటి గోధుమ రంగుకు తిరిగితే పక్కన పెట్టేయండి.

ఫారిన్ అని రాసి ఉన్న సీసా మీద మనసు పోతే ఒక్క మాట. విదేశీ వైన్ మీద మన దేశం వేసే కస్టమ్స్ సుంకం చాలా ఏళ్ళు 150 శాతం. ఆస్ట్రేలియాతో చేసుకున్న ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చాక, 5 నుంచి 15 డాలర్ల మధ్య ధర ఉన్న అక్కడి సీసాల మీద అది 100కు తగ్గింది, పదేళ్ళలో 50కి దిగాలి. అయినా దాని మీద ఓడ ఖర్చు, రాష్ట్రం పన్నులు, మధ్యవాళ్ళ వాటా పడతాయి. అంటే మీరు చెల్లించే దానిలో సీసా లోపలున్న దాని విలువ చిన్న ముక్క. అదే డబ్బుకు మహారాష్ట్రలోని నాసిక్, అక్లూజ్, కర్ణాటకలోని నందిహిల్స్ వైన్ ఒకటి రెండు మెట్లు పైదే వస్తుంది. ఈ మాట దేశాభిమానంతో అనడం లేదు, లెక్క అలా ఉంది.

ఇప్పుడు మీ వంటకు వద్దాం, నాకు అసలు ఇష్టమైన భాగం ఇది.

కారం దగ్గర వైన్ చాలా సున్నితం. మిరపలోని మంటను ఆల్కహాల్ ఇంకా ఎగదోస్తుంది. రెడ్‌లో తొక్కల నుంచి, గింజల నుంచి దిగే టానిన్ అనే వగరు ఉంటుంది. వక్క నమిలినప్పుడు నాలుక బిగుసుకున్నట్టుంటుందే, అదే గుణం. మండుతున్న నోటికి ఆ వగరు గరుకుగా తగులుతుంది. వైట్‌కు రసం మాత్రమే పిండి తొక్కల్ని తీసేస్తారు కాబట్టి దానిలో వగరు దాదాపు ఉండదు. అందుకే మన వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్‌కు వచ్చే రెండు రకాల మిరపకాయలను మనసులో పెట్టుకుని ఆలోచించండి. తేజ రకం చిన్నది, ఘాటు మస్తుగా ఉంటుంది. చపాటా రకం లావుగా టమాటాలా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా.

మీ నాటుకోడి పులుసు తేజ కారంతో చేస్తారనుకుంటున్నాను. దాని పక్కన షెనిన్ బ్లాంక్ పెట్టండి, బాగా చల్లగా. సులా షెనిన్‌లో అటు తియ్యన కాదు ఇటు పొడి (అంటే అసలు తీపి లేనిది) కాదు అన్నట్టు ఒక చిన్న తీపి ఉంటుంది. ఆ తీపి మంటను దించుతుంది. ఈ ద్రాక్షకు పులుపు పుట్టుకతోనే ఎక్కువ, ఫ్రాన్స్‌లో లువార్ నది లోయ దాని సొంత ఊరు. చింతపండు పులుసు ముందు పులుపు లేని వైన్ నీళ్ళలా చప్పబడిపోతుంది, పులుపున్నది నిలబడుతుంది. సాయంత్రం సర్వపిండికి కూడా ఇదే. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిసి నూనెలో కాలిన ఆ కరకర తర్వాత చల్లటి పులుపు గుక్క పడితే నోరు కడిగినట్టవుతుంది. మీ అక్కాబావలకు ఏమాత్రం తీపి గిట్టదంటే సావిన్యాన్ బ్లాంక్ తీసుకోండి. పచ్చి మామిడి, కోసిన గడ్డి గుర్తుకొచ్చే వాసనతో అది పూర్తిగా పొడి రుచి. సులా 2000 సంవత్సరంలో మొదటిసారి మార్కెట్‌లోకి తెచ్చినవి ఈ రెండు వైట్‌లే.

మటన్ కూర, బగారన్నం దగ్గర రెడ్ బయటికి తీయండి. వీలైతే అమ్మతో చెప్పి ఆ రోజు మటన్‌లో తేజ తగ్గించి చపాటా కారం వేయించండి. ఎర్రటి రంగు ఎక్కడికీ పోదు, వైన్ రుచి తెలుస్తుంది. మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు టానిన్ వగరును మెత్తబరుస్తాయి, రెండూ ఒకదాన్నొకటి బాగు చేసుకుంటాయి. సాంజొవేసే ఇటలీలోని టస్కనీ ద్రాక్ష. ఫ్రాటెల్లి వాళ్ళు దాన్ని షోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర పండిస్తారు, ఇటలీ అన్నదమ్ములు మన దేశపు కుటుంబాలతో కలిసి మొదలుపెట్టిన తోట అది. టస్కనీ వంటలో టమాటా ఎంతో, మన వంటలో చింతపండు, టమాటా అంత. పుల్లటి కూరల మధ్య పెరిగిన ద్రాక్ష కాబట్టి మన కూరకూ నప్పుతుంది. గ్రోవర్ జంపా కాబెర్నే షిరాజ్ దానికన్నా కొంచెం బరువుగా, నల్ల మిరియాల వాసనతో ఉంటుంది. బెంగళూరు దగ్గర నందిహిల్స్ తోటల నుంచి వస్తుంది. రెండూ దొరక్కపోతే సులా వాళ్ళ షిరాజ్ కాబెర్నే తీసుకోండి, అది ఎక్కడైనా ఉంటుంది.

ఒక మెట్టు పైకి వెళ్ళాలనిపిస్తే సులా దిండోరి రిజర్వ్ షిరాజ్, గ్రోవర్ లా రిజర్వ్, ఫ్రాటెల్లి సెట్టె ఉన్నాయి. ఓక్ చెక్క పీపాల్లో కొంతకాలం ఉంచినవి. కానీ మొదటి దావత్‌కు, అంత కారపు వంటకు వాటి మీద డబ్బు పెట్టమని చెప్పను. ఓక్ నుంచి వచ్చే వగరూ పొగ వాసనా పులుసు ముందు చేదుగా తేలతాయి. ఆ డబ్బు తక్కువ కారపు కబాబులు చేసుకునే చలికాలపు రాత్రికి దాచుకోండి. మనవాళ్ళ చేతి వైన్ రుచి చూడాలనే కోరిక ఉంటే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలోని హంపి కొండల దగ్గర పెట్టిన క్రిస్మా తోట ఉంది. దాని కాబెర్నే సావిన్యాన్ చాలా మంచి వైన్, మీ లెక్కకు మాత్రం అందదు. ఎప్పుడైనా పెద్ద సందర్భానికి గుర్తుపెట్టుకోండి.

షాపాయన ఇచ్చిన పోర్ట్ సంగతి. అసలైన పోర్ట్ పోర్చుగల్‌లో డోరో నది ఒడ్డున చేస్తారు. పులుస్తున్న రసంలో ద్రాక్ష సారాయి కలిపి, తీపి మిగిలేలా ఆపేస్తారు. మన షాపుల్లో ఆ పేరుతో అమ్మేవి చాలావరకు తియ్యటి రెడ్ వైన్‌లు. తక్కువ ధర, మొదటిసారి తాగేవాళ్ళకు తీపి వల్ల సులువుగా దిగుతుంది, అందుకే మస్తు పోతుంది. అన్నం, పులుసు, మటన్ మధ్య మాత్రం అది కుదరదు, కూర రుచిని మింగేస్తుంది. ఇష్టమైతే భోజనం అయ్యాక చిన్న గ్లాసుతో తాగే సరుకది.

బావ తెస్తానన్న వైన్ వద్దనండి. మహారాష్ట్ర తన ద్రాక్షతో తన రాష్ట్రంలో చేసిన వైన్‌కు ఎక్సైజ్ సుంకంలో రాయితీ ఇస్తుంది, అక్కడ అగ్గువ అన్న ఆయన మాట నిజమే. కానీ తెలంగాణ పన్ను కట్టని మద్యాన్ని అనుమతి లేకుండా ఇక్కడికి తెస్తే ఎక్సైజ్ వాళ్ళు ఎన్‌డీపీఎల్, అంటే సుంకం కట్టని మద్యం, కింద పట్టుకుంటారు, కేసు పెడతారు. నాలుగు వందలు మిగుల్చుకోబోయి బావను స్టేషన్ మెట్లెక్కించడం అవసరమా? పైగా మే నెలలో పుణె నుంచి కారు డిక్కీలో వచ్చిన సీసా గురించి పైన చెప్పిందంతా మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

కొనేది పొద్దుగూకాక కొనండి. బండి డిక్కీలో పెట్టి ఇంకో రెండు పనులు చూసుకుని రావద్దు, నేరుగా ఇంటికి తెచ్చి రెండు సీసాలూ ఫ్రిజ్‌లో పెట్టేయండి. రెడ్‌ను గది వేడిమిలోనే తాగాలనే మాట చలిదేశాల గదుల గురించి పుట్టింది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెల రాత్రి మన గది 32, 33 ఉంటుంది. ఆ వేడిలో పోసిన రెడ్‌లో ముక్కుకు తగిలేది ఆల్కహాల్ ఘాటు ఒక్కటే. రెడ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి పదిహేను ఇరవై నిమిషాలాగి పోయండి. వైట్ ఫ్రిజ్‌లోంచి తీసినది తీసినట్టే. చల్లదనం చాలకపోతే బకెట్‌లో సగం నీళ్ళు, సగం ఐసు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఒట్టి ఐసుముక్కల్లో పెడితే అంత త్వరగా కాదు, నీళ్ళుంటేనే సీసా అంతటా చలి తగులుతుంది. గ్లాసులోనే ఐసు వేసుకోవాలని బావకు అనిపిస్తే వేసుకోనివ్వండి, మన ఎండకు అది తప్పేం కాదు. స్టీలు గ్లాసులు మాత్రం వద్దు. మామూలు గాజు గ్లాసులు చాలు, మూడో వంతు పోసుకుంటే వాసన నిలవడానికి చోటుంటుంది. ఒక సీసా 750 మిల్లీలీటర్లు, అంటే 150 చొప్పున అయిదు గ్లాసులు. ముగ్గురికి రెండు సీసాలు ధారాళంగా సరిపోతాయి.

ఇక అమ్మగారి సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. రెడ్ వైన్ గుండెకు మంచిదనే మాటను నమ్మి ఆమెకు ఇవ్వకండి. ఎప్పుడో కొన్ని పరిశీలనల్లో మితంగా వైన్ తాగేవాళ్ళ గుండె బాగుందని కనబడింది నిజమే. కానీ వాళ్ళ తిండి, సంపాదన, వైద్యం అన్నీ మెరుగ్గా ఉండటం వల్ల వచ్చిన తేడాను వైన్ ఖాతాలో వేశారన్న అనుమానం తర్వాత బలపడింది. ఆరోగ్యానికి హాని లేని ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆల్కహాల్ బీపీని పెంచుతుంది. కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదమూ ఉంది. అలవాటు లేని మనిషికి మందు పేరుతో మొదలుపెట్టించకండి. ఆమెకు షుగర్ జబ్బు లేకుంటే నల్ల ద్రాక్షరసం చల్లగా చేసివ్వండి. షుగర్ కూడా ఉంటే పల్చటి మజ్జిగే మేలు. మీతోపాటు గ్లాసు ఎత్తితే చాలు కదా ఆమెకు.

తాగిన రాత్రి ఎవరూ బండి తీయకండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, రెండు గ్లాసులతో చాలామందికి ఆ గీత దాటుతుంది. మన రాష్ట్రంలో 21 నిండని వాళ్ళకు మద్యం అమ్మకూడదు కూడా, ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే వాళ్ళ చేతికి గ్లాసు పోనివ్వకండి.

సీసా మొత్తం ఆ రాత్రే ఖాళీ కావాలని లేదు. మరమూత బిగించి, రెడ్ అయినా సరే ఫ్రిజ్‌లోనే నిలబెట్టి పెట్టండి. వైట్ రెండు మూడు రోజులు, రెడ్ మూడు రోజులదాకా తాగేలా ఉంటాయి. నాలుగో రోజుకు వాసన వెనిగర్ వైపు తిరుగుతుంది. అప్పటికీ మిగిలితే పారబోయకండి, మటన్ నానబెట్టేటప్పుడు అల్లంవెల్లుల్లితోపాటు అర గ్లాసు రెడ్ పోసి గంటసేపు ఉంచండి. ముక్కకు పులుపు పడుతుంది, ఆ రోజు నిమ్మకాయ వేయకపోయినా సరిపోతుంది. ఆ కూర మాత్రం అమ్మగారికి వడ్డించకండి, ఉడికినా ఆల్కహాల్ పూర్తిగా పోదు. ఏ సీసా బాగుంది, ఏ ఏడాదిది, ఏ షాపులో తెచ్చారు అన్నది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రేపు దసరాకు మళ్ళీ వెతుక్కునే పని ఉండదు.